తోట సంఘాలు విద్యార్థుల దగ్గర రుసుము తీసుకోవద్దు

సంపాదకుల వారికి,

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. దాదాపు అదే సమయానికి మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. కొత్త తరగతులూ తొలకరి విత్తనాలూ ఒకేసారి మొదలయ్యే ఈ రోజుల్లో నగరాల్లోని మిద్దె తోటల బృందాలూ, జిల్లా కేంద్రాల్లోని ఉద్యాన సంఘాలూ ఒక నిర్ణయం తీసుకోవాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం. ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా చదువుతున్న వాళ్లెవరొచ్చినా సభ్యత్వం పూర్తిగా ఉచితంగా ఇవ్వాలి.

ఏ సంఘం సమావేశానికి వెళ్లినా కనిపించేది పదవీ విరమణ చేసినవాళ్లూ, గృహిణులే. పిల్లలు దాదాపు ఉండరు. వాళ్లకు ఆసక్తి లేదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. నర్సరీ మేళాల్లో విత్తనాల బల్ల దగ్గర ఆగి, ఇది ఎన్ని రోజులకు మొలుస్తుందని అడిగేది ఎక్కువగా వాళ్లే. అలా అడిగిన పిల్లకు సభ్యత్వ ఫారం ఇస్తే అందులో రుసుము గడి ఉంటుంది. ఆ డబ్బు ఇంట్లో అడగాలి. అడిగితే ‘దానివల్ల మార్కులొస్తాయా’ అంటారు. అక్కడితో ఆ ఫారం సంచిలోనే ఉండిపోతుంది. రుసుము చిన్నదే కావచ్చు, అడగవలసి రావడమే అడ్డు. అందుకే సగం రుసుము పెట్టినా ఫలితం ఉండదు. పైగా రసీదులు, ఏటా పునరుద్ధరణ, బాకీల లెక్క కోశాధికారికి అంతే పని.

ఉచితంగా ఇస్తే విలువ తెలియదని కార్యవర్గాల్లో కొందరి అభిప్రాయం. పేరు రాసుకుని ఊరుకుంటే నిజంగానే పిల్లలు రెండో సమావేశానికి రారు. పెద్దలు గులాబీ అంట్ల గురించి, బోన్సాయ్ గురించి రెండు గంటలు మాట్లాడుకుంటుంటే వెనక కూర్చున్న పిల్లాడికి చేయడానికి పనేమీ ఉండదు. చేరిన రోజే చేతికి మట్టీ విత్తనమూ ఇచ్చి, నెల తిరగకుండా ఇంటికి కూర తీసుకెళ్లేలా చూస్తే వాళ్లు నిలబడతారు. ఉచిత సభ్యత్వం అంటే ఇదంతా కలిపి అని మా ఉద్దేశం.

దీనికి సంఘానికి అయ్యే ఖర్చు చూద్దాం. ఒక్కొక్కరికి 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు ఉన్న గ్రో బ్యాగులు, అంటే మొక్కలు పెంచే సంచులు, మూడు చాలు. నిండుగా పోస్తే ఒక్కోదానిలో సుమారు 20 లీటర్ల మట్టి పడుతుంది. ఆకుకూరకు 8 అంగుళాల లోతు సరిపోతుంది కాబట్టి ఒక సంచిని అంచు మడిచి మూడింట రెండు వంతులే నింపాలి. మొత్తం మీద ఒక విద్యార్థికి 55 లీటర్ల లోపే మిశ్రమం పడుతుంది. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపి, సంచికి ఒక గుప్పెడు, అంటే 50 గ్రాముల వేప పిండి వేస్తే సరి. 5 కిలోల కొబ్బరి పొట్టు ఇటుక నానితే 60 లీటర్లకు పైగా ఉబ్బుతుంది కనుక ముగ్గురు విద్యార్థులకు ఒక ఇటుక వస్తుంది.

ఈ కలపడం పిల్లల ఇళ్లలో కాకుండా సంఘమే ఒకచోట చేయాలి. చెడేదంతా ఇక్కడే చెడుతుంది. కొబ్బరి పొట్టులో ఉప్పు ఎక్కువ. కడగకుండా వాడితే మొలకల ఆకుల అంచులు మాడిపోతాయి. నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోయడం కనీసం రెండుసార్లు జరగాలి. పశువుల ఎరువు నల్లగా, పొడిపొడిగా, పేడ వాసన లేకుండా ఉండాలి. చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది ఇంకా మాగలేదని అర్థం. అది వేళ్లను కాల్చేస్తుంది, వేరుపురుగును వెంట తెస్తుంది. ఎర్రమట్టి బదులు ఇంటి పునాది తవ్విన మట్టి పోస్తే నాలుగు తడులకే గట్టిపడి నీరు పైనే నిలుస్తుంది. సంచులు 200 జీఎస్ఎంకు (చదరపు మీటరు గుడ్డకు 200 గ్రాముల బరువు) తగ్గనివి కొనాలి. పలుచని నల్ల పాలిథిన్ సంచులు రెండు ఎండాకాలాలు ఆగడం కష్టం. చినిగిన సంచిని మట్టితో సహా ఎత్తడం పిల్లల వల్ల కాదు.

బరువు సంగతి కూడా చెప్పాలి. పై మిశ్రమంతో నింపిన సంచి తడిసినప్పుడు దాదాపు 20 కిలోలు తూగుతుంది. ఉత్త ఎర్రమట్టి అయితే 35 కిలోల దాకా పోతుంది. మనుషులు తిరిగే మిద్దెకు భారతీయ ప్రమాణాలు చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువును లెక్కలోకి తీసుకుంటాయి. ఇంటి మీద మూడు సంచులతో ఏ భయమూ లేదు. పాత బడి భవనం మీద ఇటుకలతో మడులు కట్టి మట్టి నింపుదామని ఉత్సాహపడితే మాత్రం ముందు ఇంజినీరుకు చూపించాలి. లేదా నేల మీదే చేసుకోవాలి. ప్రతి సంచీ రెండు ఇటుకల మీద నిలబడాలి, అప్పుడు స్లాబు చెమ్మ పట్టదు. కింద పళ్లాలు పెట్టొద్దు. నిలిచిన నీళ్లలో డెంగీ దోమ వారం పది రోజుల్లో తయారవుతుంది. పిట్టగోడ మీద ఏ కుండీ పెట్టకూడదు.

విత్తనాల ఖర్చు ఇంకా తక్కువ. టమాటా గ్రాముకు 250 నుంచి 350 గింజలుంటాయి, బెండ 15 నుంచి 18. తోటకూర ఒక గ్రాము ఒక సంచికి ఎక్కువే. అంటే 100 గ్రాముల తోటకూర, 100 గ్రాముల బెండ, 10 గ్రాముల టమాటా కొంటే వందమంది విద్యార్థులకు ఈ మూడింటి ఏడాది విత్తనం వచ్చినట్టే. అన్నీ ఒకేసారి చేతిలో పెట్టొద్దు. మొదట తోటకూర, బెండ ఇవ్వాలి. తోటకూర కట్ట కోసి తెచ్చి చూపినవాళ్లకు వంగ, టమాటా నారు ఇవ్వాలి. ఉచితంగా ఇచ్చిన విత్తనం అటకెక్కుతుందన్న భయానికి ఇదే మందు.

మొదటి పంట ఏదన్నది అన్నిటికంటే ముఖ్యం. చాలా సంఘాలు కొత్త సభ్యులకు గులాబీ అంటు కానుకగా ఇస్తాయి. విద్యార్థికి అది తగదు. వేళ్ల చుట్టూ ఉన్న బంకమట్టి ముద్దను విడదీయకుండా నాటితే లోపల నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. అంటు కింద నుంచి లేచే పిలకను తుంచకపోతే అసలు గులాబీ వెనకబడుతుంది. ఇవన్నీ అనుభవం మీద తెలిసే సంగతులు. పందిరి చిక్కుడు కూడా మొదటి పంటగా వద్దు. పగటి వేళ తగ్గితే గాని అది పూతకు రాదు. జూన్‌లో పెట్టిన పాదు అక్టోబరు, నవంబరు దాకా ఆకులే వేస్తుంటే పిల్లలు మొక్క చెడిందనుకుని పీకేస్తారు. కొత్తిమీర సులువనుకుంటాం గానీ ఎండ తగ్గని జూన్‌లో సరిగ్గా మొలవదు. అక్టోబరులోనైనా ధనియాలను రెండు బద్దలుగా నలిపి, రాత్రంతా నానబెట్టి వేసినా మొలకకు 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఆ మాట ముందే చెప్పకపోతే అయిదో రోజున మట్టి తవ్వి చూస్తారు.

తోటకూర 25 నుంచి 30 రోజుల్లో కోతకు వస్తుంది. ఒక గ్రాము గింజలను గుప్పెడు సన్నని ఇసుకలో కలిపి చల్లితే ఒక్కచోటే కుప్ప పడవు. పైన మట్టి పలుచగా, గింజ కనిపించనంత వేస్తే చాలు. బకెట్‌తో నీళ్లు కుమ్మరిస్తే గింజలన్నీ ఒక మూలకు చేరతాయి. సన్నని చిల్లుల మూతతో గానీ, చేత్తో గానీ చిలకరించాలి. నాలుగాకులు వచ్చాక రెండంగుళాలకు ఒకటి ఉంచి మిగతావి పీకెయ్యాలి. మొలిచిన మొక్కను పీకడానికి పిల్లలకు మనసొప్పదు. పీకినవి కూరలో వేసుకోవచ్చని చెబితే వెంటనే పీకుతారు. బెండ గింజను రాత్రి నానబెట్టి, రెండు సెంటీమీటర్ల లోతున చోటుకు రెండేసి వేసి, మొలిచాక బలమైనది ఒకటి ఉంచాలి. 45 నుంచి 50 రోజులకు మొదటి కాయ. రోజు విడిచి రోజు కొయ్యాలి, నాలుగు రోజులు వదిలితే పీచు పడుతుంది. ఒక మొక్కతో పూట కూర రాదని నిజం చెప్పి, రెండు సంచుల్లో రెండేసి చొప్పున నాలుగు మొక్కలు పెట్టించాలి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క అనామిక ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులును తట్టుకునేలా తయారుచేసిన బెండ రకం, సంకరం (హైబ్రిడ్) కాదు కనుక విత్తనం కట్టుకోవచ్చు.

వంగ, టమాటా నారు పోసే పని మాత్రం ఈ ఏడాదికి పెద్దలు చేతిలోకి తీసుకోవాలి. ఆగస్టులో ట్రేలలో పోసి, 25 నుంచి 30 రోజుల నారు పంచితే సరి. నారు పోసే చోట సర్వసాధారణంగా వచ్చేది నారుకుళ్లు. మొలకలు నేలకు ఆనుకునే చోట మెత్తబడి ఒరిగిపోతాయి. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, ఒత్తుగా పోసి ఎక్కువ తడపడం. కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా (తెగుళ్లను అణచే మేలు శిలీంధ్రం) పొడి పట్టించి, గుంతకు ఒక గింజే వేసి, పైమట్టి ఆరాకే తడి ఇస్తే చాలావరకు ఆగుతుంది. విద్యార్థి సభ్యుల్లో ఆసక్తి ఉన్నవాళ్లను ఆ రోజుల్లో పిలిచి చూపిస్తే వచ్చే ఏడు వాళ్లే పోస్తారు.

నీళ్ల విషయంలో ఒక్క నియమం నేర్పితే సగం మొక్కలు బతుకుతాయి. వేలు రెండు కణుపుల దాకా గుచ్చితే తడి తగిలిన రోజు నీళ్లు పోయకూడదు. టమాటా కాయ అడుగు నల్లగా కుళ్లితే పురుగు కోసం వెతుకుతారు. అక్కడ పురుగుండదు. నాలుగు రోజులు ఎండగట్టి ఒకేసారి ముంచెత్తడం వల్ల కాయకు సున్నం (కాల్షియం) అందక అలా అవుతుంది. సెలవుకు ఊరెళ్లి వచ్చిన వారమే ఇది కనిపిస్తుంది.

పాదులు పెట్టాలనుకునే పై తరగతుల పిల్లలకు బీర, సొర ఇవ్వవచ్చు. అయితే వాళ్లకు 40 లీటర్లకు తగ్గని డబ్బా కావాలి. పిందెలు వేలెడంత కాగానే పసుపు పట్టి రాలిపోతున్నాయన్నది మిద్దె తోటల్లో తరచుగా వినిపించే ఫిర్యాదు. ఎరువు చాలలేదని మరో గుప్పెడు వేస్తారు, ఇంకా రాలతాయి. అసలు సంగతి, మూడో అంతస్తుకు కీటకాలు తక్కువగా వస్తాయి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. కాకర, దోస, గుమ్మడి పొద్దున. ఆ వేళకు మగ పువ్వును తుంచి, రేకులు తీసేసి, వెనక చిన్న పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. మొదటి రెండు మూడు వారాలు మగ పూలే వస్తాయి, అది లోపం కాదు. పదో తరగతి పుస్తకంలో పుప్పొడి, కీలాగ్రం బొమ్మ గీసిన పిల్ల ఈ పని చేసి మూడో రోజున పిందె నిలబడటం చూస్తే ఆ పాఠాన్ని మళ్లీ బట్టీ పట్టనవసరం లేదు. బడికి వెళ్లి చెప్పేవాళ్లు అన్నిటికంటే ముందు దీన్ని చూపించాలని మా సలహా.

పురుగు మందుల విషయంలో రాజీ ఉండకూడదు. విద్యార్థి సభ్యుల చేతికి రసాయన మందు ఏదీ ఇవ్వొద్దు, తోటి సభ్యుడు ఇంట్లో వాడుతున్నా సరే. పేనుబంక, పిండినల్లి కొద్దిగా ఉన్నప్పుడు నీళ్లు గట్టిగా కొట్టి కడిగితే పోతాయి. మిగిలితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె. నూనె నేరుగా నీళ్లలో పోస్తే పైకి తేలి, కొట్టినచోట ఆకు మాడుతుంది. ముందు అంతే సబ్బు ద్రావణంలో నూనె కలిపి, తెల్లగా మారాక నీళ్లు పోసి, సాయంత్రం ఆకుల అడుగున తడిసేలా కొట్టాలి. వంగ మొక్క కొస వాలిపోతే లోపల పురుగు తొలిచిందని గుర్తు. వాలిన కొసను అంగుళం కిందికి తుంచి సబ్బు నీళ్లలో వేయాలి, కంపోస్టులో పడేయకూడదు. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు కట్టుకోవాలి.

ఇక బడి తోటలూ విద్యార్థి తోటలూ ఎక్కువగా చచ్చిపోయేది ఏప్రిల్ ఆఖరున. సెలవులిస్తారు, పిల్లలు అమ్మమ్మ ఊరికి వెళతారు, మే ఎండకు రెండు రోజుల్లో అన్నీ ఎండుతాయి. జూన్‌లో తిరిగి వచ్చిన పిల్లలు ఎండిన కొమ్మల్ని చూసి తమకు తోట పని రాదనుకుంటారు. ఈ నష్టం పంచాంగం చూసుకోకపోవడం వల్ల జరిగేదే. అందుకని విద్యార్థుల సాగు ఏడాది జూన్‌లో మొదలై మార్చితో ముగియాలి. తొలకరికి తోటకూర, గోంగూర, బెండ. సెప్టెంబరులో టమాటా, వంగ నారు. దసరా సెలవులయ్యాక పాలకూర, మెంతి, ముల్లంగి. సంక్రాంతి తర్వాత కొత్తగా ఏమీ విత్తకూడదు, మార్చిలో పరీక్షలుంటాయి. కరివేపాకు, మల్లె, మందార లాంటి మేలో నీళ్లు అడిగే మొక్కల్ని విద్యార్థి వాటాలో ఇవ్వొద్దు. ఏప్రిల్‌లో సంచులు ఖాళీ చేసి, పాత వేళ్లు ఏరి, మట్టిని ఎండ తగిలే చోట అడుగు మందాన పరిచి, బాగా తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా కప్పి అంచులు మట్టితో మూసెయ్యాలి. నాలుగు నుంచి ఆరు వారాల మే ఎండలో ఆ మట్టిలోని నులిపురుగులు, కుళ్లు తెగులు శిలీంధ్రాలు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. నల్ల పట్టా వేస్తే లోపల అంత వేడెక్కదు. జూన్‌లో పిల్లలు వచ్చేసరికి మట్టి సిద్ధంగా ఉంటుంది, మళ్లీ నాలుగో వంతు ఎరువు కలుపుకుంటే చాలు.

రుసుము లేకపోతే సంఘానికి ఏమొస్తుందని అడిగేవారికి మా ప్రతిపాదన ఒకటుంది. ప్రతి విద్యార్థి సభ్యుడూ ఏడాది చివర తాను తీసుకున్న దానికి రెట్టింపు విత్తనం తిరిగి ఇవ్వాలి. అన్ని పంటలకూ ఇది కుదరదు. బీర, సొర, దోస పక్క మిద్దె పుప్పొడితో కలిసిపోతాయి, బెండ కూడా కొంతవరకు కలుస్తుంది. టమాటా, చిక్కుడు, అలసంద మాత్రం ఎక్కువగా తమ పుప్పొడితోనే కాస్తాయి కాబట్టి వాటి విత్తనం తల్లి గుణం నిలుపుకుంటుంది. సంకర విత్తనం పంచితే ఈ ఏర్పాటు పనికిరాదు, అందుకే టమాటాలో అర్క వికాస్ లాంటి సంకరం కాని సూటి రకమే పంచాలి. బాగా పండిన కాయల గుజ్జును గింజలతో సహా గాజు గ్లాసులో రెండు మూడు రోజులు పులియనిస్తే గింజ చుట్టూ ఉన్న జిగురు విడిపోతుంది. కడిగి, పైకి తేలిన తాలు తీసేసి, నీడలో పళ్లెం మీద ఆరబెట్టాలి. కాగితం మీద వేస్తే అంటుకుపోతాయి. తీసుకునే ముందు పది గింజలు తడి గుడ్డలో చుట్టి వారం ఉంచి చూసి, ఏడు మొలిస్తేనే సంఘం డబ్బాలో వేసుకోవాలి. కవరు మీద రకం, కోసిన నెల రాయించాలి. ఇలా రెండేళ్లు నడిస్తే సంఘం బయట కొనే విత్తనం బాగా తగ్గుతుంది.

నియమావళి అడ్డు వస్తుందన్న మాట కూడా విన్నాం. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవి సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి ‘విద్యార్థి సభ్యులు’ అనే తరగతిని చేర్చుకోవచ్చు. ఓటూ పదవీ లేకుండా, విత్తనం, మట్టి, సలహా పొందే హక్కుతో. 18 ఏళ్లు నిండని వారికి తల్లి లేదా తండ్రి సంతకం తప్పనిసరి. వాట్సాప్ బృందంలో పిల్లల నంబర్లు పెట్టొద్దు, ఇంట్లో పెద్దవాళ్ల నంబరే ఉండాలి. సలహాకు ఎవరి ఇంటికి వెళ్లినా పెద్దవాళ్లున్నప్పుడే వెళ్లాలి. ఇవి మొదట్లోనే రాసుకోకపోతే తల్లిదండ్రులు, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులు, పంపరు. వాళ్ల భయం సహేతుకమైనది.

మిద్దె లేని పిల్లల మాట మరిచిపోవద్దు. గురుకులాల్లో, హాస్టళ్లలో, ఒక్క గది ఇళ్లలో ఉండేవాళ్లకే ఇది ఎక్కువ అవసరం. బాల్కనీలో మూడు నాలుగు గంటల ఎండ పడితే పాలకూర, పుదీనా వస్తాయి. ఆరు గంటలు లేనిదే కాయగూరలు రావు, వాళ్లకు బెండ ఇచ్చి నిరాశ పెట్టకూడదు. అదీ లేనివాళ్లకు బడే తోట. జాతీయ హరిత దళం కింద 2001 నుంచే బడుల్లో ఎకో క్లబ్బులు (పర్యావరణ బృందాలు) మొదలయ్యాయి, మధ్యాహ్న భోజన పథకంలో భాగంగా బడి పెరటి తోటలకు 2019లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కొత్తగా ఏ వ్యవస్థా పెట్టనవసరం లేదు. ఒక ఉపాధ్యాయుడూ ఇరవై మంది పిల్లలూ ఉన్న ఎకో క్లబ్బుకు మొత్తంగా ఒక ఉచిత సభ్యత్వం ఇచ్చి, నెలకు రెండు శనివారాలు ఒక సభ్యుణ్ణి పంపితే చాలు. ఆ వెళ్లే మనిషి మారకుండా ఒక్కరే అయితే పిల్లలకు చనువు కుదురుతుంది.

మీ పత్రికకు మా విన్నపం ఒక్కటే. విద్యార్థులను ఉచితంగా చేర్చుకునే తోట సంఘాల వివరాలు, మొదటి విత్తనాల పంపిణీ తేదీ, స్థలంతో సహా, జూన్ మొదటి వారంలో జిల్లా పేజీల్లో ప్రచురించండి. మేము కూడా ఆ వారమే విత్తనాలు, కలిపిన మట్టి సిద్ధం చేసి ఉంచుతాం.

ఇట్లు,
మిద్దె తోటల సాగుదారులం కొందరం,
హైదరాబాద్